హస్కీనా, మలమ్యూటా, సమాయెడా? మంచు బండి కుక్కను ఎంచుకోవడం ఎలా

నీలి కళ్లు చూసి మనసు పారేసుకుని హస్కీ పిల్లను తెచ్చుకున్నవాళ్లలో కొందరు ఏడాది తిరక్కుండానే వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో పెడతారు. కింద "మంచి ఇల్లు దొరికితే ఇచ్చేస్తాం" అని ఉంటుంది. మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియో, ఆల్బెర్టా వైపు స్థిరపడిన మనవాళ్లలో ఇలాంటివి చూస్తూనే ఉన్నాను. సోఫా చింపేసింది, కంచె దూకేసింది, పక్కింటి పిల్లిని పట్టేసింది, రాత్రంతా ఊళ వేసింది అని ఫిర్యాదులు. దాని తాతముత్తాతలు తరతరాలుగా చేస్తూ వచ్చిన పనులే అవన్నీ. రెండు నెలల పిల్లను చూసి వాటిని పసిగట్టలేం. ఎదిగిన కుక్కను చూస్తే గంటలో చాలావరకు తెలిసిపోతుంది. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ఈ జాతుల్లో పిల్ల కోసం పరుగులు పెట్టకండి, రెండేళ్లు దాటిన కుక్కను వెతకండి. ఎక్కడ వెతకాలి, ఏం చూడాలి, ఇంటికొచ్చాక ఏం చేయాలి అనేది వరసగా చెబుతాను.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు నా సలహా ముందే చెప్పేస్తాను: వద్దు. "ఇంట్లో ఏసీ ఉంది కదా" అంటారు. ఏసీ గదిలో కుక్క బతుకుతుంది, నిజమే. కానీ రోజూ మైళ్లకు మైళ్లు పరుగెత్తడానికి పుట్టిన జంతువును ఏడాదిలో ఎనిమిది నెలలు గదిలో పెట్టి పెంచడం ఎందుకు? ఇప్పటికే తెచ్చుకుని ఉంటే, ఎండ గురించి కింద రాసిన భాగం మాత్రం తప్పకుండా చదవండి.

1. ఏ జాతి ఏ పనికి పుట్టిందో తెలుసుకోండి

అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నిలబడ్డ చెవులు, వీపు మీదికి వంపు తిరిగిన తోక, దట్టమైన బొచ్చు. స్వభావాలకు మాత్రం పొంతన ఉండదు. ఎందుకంటే వాటి చేత చేయించుకున్న పనులు వేరు.

సైబీరియన్ హస్కీని తయారుచేసింది రష్యా ఈశాన్య కొసన ఉండే చుక్చీ ప్రజలు. వాళ్లకు కావలసింది తేలికపాటి బరువును, చాలా దూరం, తక్కువ తిండితో లాక్కెళ్లే కుక్క. 1909లో ఈ కుక్కల్ని అలాస్కాలోని నోమ్ పట్టణంలో జరిగిన 408 మైళ్ల పందెంలో దింపినప్పుడు, అక్కడి భారీ కుక్కల పక్కన ఇవి మరీ చిన్నగా కనిపించి జనం "సైబీరియా ఎలుకలు" అని ఎగతాళి చేశారు. మరుసటి ఏడాదే జాన్ జాన్సన్ వీటితోనే ఆ పందెం గెలిచాడు. మగది 20 నుంచి 27 కిలోలు, ఆడది 16 నుంచి 23 కిలోలు తూగుతుంది. అంతకు మించి బాగా పెద్దగా ఉంటే అది లావెక్కి ఉండాలి, లేదా వేరే జాతి కలిసి ఉండాలి.

హస్కీకి కొత్తవాళ్లంటే అనుమానం తక్కువ. దొంగ వచ్చినా తోక ఊపుతుంది. కాపలా కోసమైతే ఈ కుక్క దండగ. మనుషులతో, పిల్లలతో, సాటి కుక్కలతో కలిసిపోతుంది గానీ, చిన్న జంతువు కదిలిందంటే దాని లోపలి వేటగాడు లేచి కూర్చుంటాడు. ఇక పిలుపు సంగతి. ముందుకు పరుగెత్తడమే పనిగా పెట్టుకున్న జాతిని వెనక్కి పిలిస్తే రాదు. ఇంట్లో ఎంత బుద్ధిగా ఉన్నా, బయట లీష్ విప్పితే ఆ కుక్క మీది కాదనే అనుకోండి.

టోగో కథ ఈ స్వభావానికి మంచి ఉదాహరణ. 1925లో నోమ్‌లో డిఫ్తీరియా ప్రబలినప్పుడు, 20 మంది బండివాళ్లు చేతులు మార్చుకుంటూ 674 మైళ్ల దూరం మందు మోసుకెళ్లారు. అందులో అన్నిటికన్నా పొడవైన, ప్రమాదకరమైన భాగాన్ని లాగిన జట్టుకు ముందు నడిచింది టోగో. అప్పటికి దానికి పన్నెండేళ్లు. చిన్నప్పుడు మాత్రం అదొక తలనొప్పి. దాని యజమాని లియన్‌హార్డ్ సెప్పలా విసుగెత్తి, పెంపుడు కుక్కగా ఉండమని ఒకరింటికి ఇచ్చేశాడు. అది మూసి ఉన్న కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకి, తిరిగి కెనెల్‌కే, అంటే బండి కుక్కల్ని ఉంచే చోటికే, వచ్చేసింది. ఎనిమిది నెలల వయసులో మొదటిసారి హార్నెస్ (బండి లాగడానికి ఒంటికి వేసే పట్టీలు) కడితే, ఆ రోజే తనకన్నా పెద్ద కుక్కల్ని దాటి ముందు వరసకు చేరింది. మీ ఇంట్లో కుర్చీ కాళ్లు కొరుకుతున్న కుక్కకు లేనిది క్రమశిక్షణ కాకపోవచ్చు, పని కావచ్చు.

అలాస్కన్ మలమ్యూట్ తీరు వేరు. పశ్చిమ అలాస్కాలో కోట్జబ్యూ తీరాన ఉండే మాలెమ్యూట్ ఇన్యూపియాక్ ప్రజలు పెంచిన సరుకు బండి కుక్క ఇది. వేగం తక్కువ, బలం ఎక్కువ. మామూలుగా 34 నుంచి 38 కిలోలు. 2010 నుంచి అలాస్కా రాష్ట్ర అధికారిక కుక్క ఇదే. మనుషులంటే ప్రాణం పెడుతుంది, పెద్ద గొంతుతో "వూ వూ" అంటూ ఎదురు సమాధానాలు చెబుతుంది, వంటింటి గట్టు మీది చికెన్‌ను చప్పుడు లేకుండా మాయం చేస్తుంది. చిక్కంతా సాటి కుక్కల దగ్గర. మగదానికి మగది, ఆడదానికి ఆడది పడకపోవడం ఈ జాతిలో మామూలు. ఏడాదిన్నర వరకు అందరితో ఆడుకున్న మలమ్యూట్ ఒక రోజు హఠాత్తుగా పెద్దరికం చూపించడం మొదలుపెడుతుంది. పిల్లను కొన్నవాళ్లకు ఇది ముందు కనిపించదు. ఇంకో సంగతి, మలమ్యూట్‌కు నీలి కళ్లు ఉండవు. "అరుదైన నీలి కళ్ల మలమ్యూట్" అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

సమాయెడ్ వీటిలో మనిషికి అతి దగ్గరగా మసలినది. సైబీరియా ఉత్తరాన రెయిన్‌డీర్ మందలు కాచుకునే నెనెట్స్ లాంటి ప్రజలు దీనితో మందలు తోలించారు, బండి లాగించారు, చలి రాత్రుల్లో గుడారంలో పక్కన పడుకోబెట్టుకున్నారు. అందుకే ఇది ఒంటరిగా ఉండలేదు. మందల దగ్గర పనిచేసిన కుక్క కాబట్టి నోరు కూడా ఎక్కువ. ఆకు కదిలినా మొరుగుతుంది. పెదాల చివరలు పైకి తిరిగి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది, ఆ నవ్వును నమ్మి గంటల తరబడి వదిలి వెళ్లకండి. ఇంట్లో పెద్దవాళ్లో, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లో ఉండి, మొరుగుడును భరించగలిగితే, మొదటిసారి పెంచేవాళ్లకు మిగతావాటికన్నా సమాయెడే నయమని నా అభిప్రాయం. తెల్ల బొచ్చు నల్ల ప్యాంటుకు చేసే అన్యాయం మాత్రం మామూలుగా ఉండదు.

గ్రీన్‌లాండ్ కుక్క, కెనడా ఇన్యూట్ కుక్క అనేవి రెండూ దగ్గరి బంధువులు. 1911 డిసెంబరు 14న నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ దక్షిణ ధ్రువం చేరింది గ్రీన్‌లాండ్ కుక్కల బలంతోనే. బయల్దేరినప్పుడు 52 ఉంటే, తిరిగొచ్చినవి 11. గ్రీన్‌లాండ్‌లో స్లెడ్ (మంచు బండి) కుక్కల ప్రాంతంలోకి వేరే జాతి కుక్కను తీసుకురావడానికి ఇప్పటికీ చట్టం ఒప్పుకోదు. కెనడా ఇన్యూట్ కుక్క కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంతపు అధికారిక జంతువు. ఇవి గుంపులో, ఆరుబయట, పెద్ద చిన్న తేడాలు తామే తేల్చుకుంటూ బతికే కుక్కలు. అపార్ట్‌మెంట్ మాట అటుంచండి, సబర్బ్‌లోని ఇంటికీ ఇవి పనికిరావు. చూసి రండి, తెచ్చుకోకండి.

ఇక అలాస్కన్ హస్కీ. పేరులో హస్కీ ఉన్నా, దీనికి జాతి ముద్ర లేదు, కెనెల్ క్లబ్ కాగితాలు లేవు. అలాస్కా పల్లెల కుక్కల్లో పాయింటర్, హౌండ్ లాంటి వేట కుక్కల్నీ, ఇంకా పరుగుకు పనికొచ్చే దేన్నయినా కలిపి బండివాళ్లు తయారుచేసుకున్న రకం. ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా సుమారు వెయ్యి మైళ్లు సాగే ఇడిటరాడ్ పందెంలో కనిపించేవి ఎక్కువగా ఇవే. సన్నగా, పొడవాటి కాళ్లతో, చూడటానికి ఊరకుక్కలా ఉంటుంది. ఫొటోలో ఎవరినీ ఆకట్టుకోదు కాబట్టే షెల్టర్లలో మిగిలిపోతుంది. జట్టులో పనిచేసి వచ్చిన కుక్కకు మనుషుల చేతులు అలవాటు, వంతు కోసం ఆగడం అలవాటు, కారు ప్రయాణం అలవాటు. కొన్నిటికి కొత్తవాళ్లంటే బిడియం ఉంటుంది గానీ గొడవ పడవు. ఇదే పందెంలో 1988లో జాన్ సూటర్ అనే ఆయన పూడిల్ కుక్కలతో దిగి తర్వాత కూడా కొన్నేళ్లు పరుగెత్తించాడు. వాటి బొచ్చు మంచుకు అంటుకుపోయే పరిస్థితి చూసి, నిర్వాహకులు ఉత్తరాది జాతులు మాత్రమే రావాలని నిబంధన పెట్టారు. కోరిక ఉంటే చాలదు, బొచ్చు కూడా తగినట్టు ఉండాలి మరి.

2. మీ ఇంటి లెక్క వేసుకోండి

ఇక్కడ ఎక్కువ ఆలోచించేది లేదు. ఈ నాలుగిటిలో ఒక్కటి కుదరకపోయినా ఆగండి.

రోజుకు గంటన్నర, రెండు గంటలు దాన్ని బయట కదిలించే మనిషి ఇంట్లో ఉండాలి. పెరటి చుట్టూ ఆరడుగుల గట్టి కంచె ఉండాలి. కంచె అడుగున ఒక అడుగు వెడల్పు ఇనుప మెష్‌ను లోపలి వైపు మడిచి నేలలో పూడ్చాలి, ఎందుకంటే పైనుంచి దూకలేనిది కిందనుంచి తవ్వుతుంది. కరెంటు షాకిచ్చే కనిపించని ఫెన్స్‌లు వీటి దగ్గర పనిచేయవు. ఉడుత కనబడితే షాక్ తిని మరీ దాటేస్తాయి, తిరిగి లోపలికి రావడానికి మాత్రం షాక్ గుర్తొస్తుంది. ఇంట్లో పిల్లి, కుందేలు, కోళ్లు లాంటివి ఉండకూడదు. నాలుగోది, మీ ఇంటి ఇన్సూరెన్స్, అద్దె ఒప్పందం. అమెరికాలో కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు హస్కీ, మలమ్యూట్‌లను ఒప్పుకోని జాతుల జాబితాలో పెడతాయి. కుక్క ఇంటికొచ్చాక తెలిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ముందే ఫోన్ చేసి అడగండి, సమాధానం ఈమెయిల్‌లో తీసుకోండి.

3. ఎక్కడ వెతకాలి

"మొక్కై వంగనిది మానై వంగునా" అని పిల్లనే తెచ్చుకోమని పెద్దవాళ్లు చెబుతారు. లాబ్రడార్ విషయంలో కాదనను. ఈ జాతుల్లో మాత్రం వంచాలనుకున్నవాళ్లే అలిసిపోతారు. మనకు కావలసింది ఏ వైపు పెరిగిందో కళ్ల ముందు కనిపిస్తున్న చెట్టు.

మొదట చూడాల్సింది రిటైరైన బండి కుక్కలు. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి వీటిని పని మానిపిస్తారు, ఆ తర్వాత ఇంకో నాలుగైదేళ్లు హాయిగా బతుకుతాయి. అలాస్కాలోని డెనాలి నేషనల్ పార్క్ 1922 నుంచి సొంతంగా స్లెడ్ కుక్కల్ని పెంచుతోంది. చలికాలంలో రేంజర్లు వాటితోనే పార్కులో తిరుగుతారు. తొమ్మిదేళ్లు దాటిన కుక్కల్ని దరఖాస్తులు తీసుకుని కుటుంబాలకు ఇస్తారు. చురుకైన ఇల్లు, చల్లటి ఊరు ఉన్నవాళ్లవైపే మొగ్గు. మీ దగ్గర్లోని టూర్ కెనెళ్లు, పందెం కెనెళ్లు కూడా అలాగే ఇస్తుంటాయి. పందెంలో వేగం చాలక రెండు మూడేళ్లకే బయటికొచ్చిన కుక్కలు కూడా వాళ్ల దగ్గర ఉంటాయి. పందేనికి నెమ్మదైన కుక్క మీ ఇంటికి కావలసినదానికన్నా ఎక్కువే పరుగెడుతుంది, ఆ భయం అక్కర్లేదు.

రెండోది జాతి పేరుతో నడిచే రెస్క్యూ సంస్థలు. హస్కీ, మలమ్యూట్ రెస్క్యూలు ఉత్తర అమెరికాలో చాలాచోట్ల ఉన్నాయి. అక్కడ కుక్కను కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకున్న వలంటీర్ ఉంటారు. సంస్థ వెబ్‌సైట్‌లో రాసినదానికన్నా ఆ వలంటీర్ చెప్పే నాలుగు ముక్కలు విలువైనవి.

ఎవరి దగ్గరకు వెళ్లే ముందైనా, ఒక పందెం చూసి రండి. మిన్నెసోటా వాళ్లకు జనవరి చివర్లో డులూత్ వైపు జరిగే జాన్ బేర్‌గ్రీస్ పందెం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లేక్ సుపీరియర్ ఉత్తర తీరం వెంబడి ఉత్తరాలు మోసిన, ఓజిబ్వే అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి పేరు అది. ఇలాంటి పందేలకు వలంటీర్లు ఎప్పుడూ కావాలి. వీలైతే పేరు ఇవ్వండి.

స్టార్ట్ లైన్ దగ్గర కనిపించేది మాటల్లో చెప్పినా నమ్మబుద్ధి కాదు. హార్నెస్‌లు బయటికి తీయగానే కుక్కలన్నీ ఒక్కసారిగా అరవడం మొదలుపెడతాయి. మొరుగుడు కాదు, కీచుమనే కేకలు. నాలుగు కాళ్లూ గాల్లోకి లేచేలా ఎగురుతాయి, తాడు కొరుకుతాయి, బండిని ట్రక్కుకు కట్టి ఉంచినా ఆ లాగుడుకు తాడు వీణ తీగలా బిగుసుకుంటుంది. పక్కన నిలబడ్డ మనిషి మాట వినిపించదు. కొక్కెం పీకగానే, ఒక్క క్షణంలో, ఆ గోల మొత్తం ఆగిపోతుంది. మంచు మీద కాళ్ల చప్పుడు, కుక్కల ఊపిరి తప్ప ఏమీ ఉండదు. ఈ కుక్కకు ఏం కావాలో అక్కడ ఐదు నిమిషాలు నిలబడితే అర్థమవుతుంది. ఇంత ఆరాటాన్ని మా పెరట్లో ఏం చేయాలి అని అక్కడే భయమేస్తే మంచిదే, ఖర్చు లేకుండా తేలిపోయింది.

4. కుక్కను చూడటానికి వెళ్లినప్పుడు ఏం గమనించాలి

ఇంట్లోవాళ్లంతా కలిసి, రెండుసార్లు వెళ్లండి. ఒకసారి పొద్దున, కుక్క పరుగుకు ముందు. ఇంకోసారి సాయంత్రం, అలిసిపోయాక. రెండు పూటలూ ఒకేలా గెంతుతుంటే ఆలోచించుకోవాలి.

ముందు మీరేమీ చేయకండి. పక్కకు తిరిగి నిలబడి, దాని కళ్లలోకి చూడకుండా, అదే వచ్చి వాసన చూసేదాకా ఆగండి. హస్కీ అయితే వెంటనే వస్తుంది. అలాస్కన్ హస్కీ పది నిమిషాలు తీసుకున్నా కంగారు పడకండి, వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. వచ్చి, తినడానికి పెట్టింది మీ చేతినుంచి తీసుకుంటే సగం పరీక్ష పాసైనట్టే.

తర్వాత పాదాలు పట్టుకోండి. పనిచేసిన కుక్కకు మంచులో కాళ్లు కోసుకోకుండా గుడ్డ బూట్లు తొడిగి ఉంటారు, కాబట్టి పాదం మీ చేతికి ఇచ్చేస్తుంది. లాక్కుంటే తప్పు లేదు, పళ్లు చూపిస్తే మాత్రం చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు. వేళ్ల మధ్య, మోచేతుల లోపల తడిమి చూడండి. హార్నెస్ ఒరిసిన చోట బొచ్చు పలచబడి ఉండొచ్చు. అది మామూలే, పుండు ఉండకూడదు.

మూడోది, ఆడ మగ పరీక్ష. మీకు ఇప్పటికే కుక్క ఉంటే దాన్ని వెంట తీసుకెళ్లండి. రెండిటినీ ఎదురెదురుగా తేకండి. ఒకే దిశలో, పది అడుగుల ఎడంతో, పక్కపక్కనే నడిపించి, నెమ్మదిగా దగ్గర చేయండి. తోక బిగుసుకుని, మెడ రాయిలా అయిపోయి, ఒకటి రెండోదాని భుజం మీద గడ్డం ఆనిస్తే అక్కడితో ఆపేయండి. మలమ్యూట్ విషయంలో పరీక్ష బాగున్నా సరే, మీ ఇంట్లో ఉన్నది మగదైతే ఆడదాన్నీ, ఆడదైతే మగదాన్నీ తీసుకోండి. రెండిటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

కెనెల్ ఆయన్ను ఒక ప్రశ్న తప్పక అడగండి: "జట్టులో ఎక్కడ పరుగెత్తేది?" అన్నిటికన్నా ముందుండేది లీడ్. దాని వెనక, మలుపుల్లో జట్టును తిప్పేది స్వింగ్. మధ్యలో ఉండేవి టీమ్. బండికి ఆనుకుని బరువు మోసేది వీల్. వీల్ కుక్క సాధారణంగా నిబ్బరమైనది, పక్కన పెద్ద చప్పుడైనా బెదరదు. లీడ్ కుక్క తెలివైనది. పలచని మంచు గడ్డ మీదికి వెళ్లమని యజమాని చెప్పినా వెళ్లకుండా నిలబడి జట్టు ప్రాణాలు కాపాడేది ఇలాంటిదే. అదే తెలివి మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద పనిచేస్తుంది. మొదటిసారి పెంచేవాళ్లు టీమ్ కుక్కనో వీల్ కుక్కనో తీసుకోవడం సుఖం.

చివరగా దాన్ని ఒక గదిలో పది నిమిషాలు ఒంటరిగా వదిలి బయట నిలబడండి. జీవితమంతా గుంపులో ఉన్న కుక్క కాస్త ఏడవడం సహజం. తలుపు గీకి, చొంగ కార్చి, ఆయాసపడుతుంటే మాత్రం దానికి ఇంకో కుక్క తోడు కావాలి. మీరొక్కరే చాలరు.

5. ఇంటికొచ్చాక మొదటి నెల

కెనెల్‌లో పుట్టి పెరిగిన కుక్కకు మెట్లు, అద్దం తలుపు, టీవీ, టైల్స్ నేల అన్నీ కొత్త. జారే నేల మీద పాత దుప్పట్లు పరవండి. మలమూత్రాలకు గంటకోసారి బయటికి తీసుకెళ్లండి, పసిపిల్లకు చేసినట్టే. రెండు వారాల్లో చాలావరకు దారిలోకి వస్తుంది.

తలుపు దగ్గర జాగ్రత్త ఇంట్లో అందరికీ, ముఖ్యంగా వచ్చిపోయే చుట్టాలకు నేర్పాలి. పార్టీకి వచ్చినవాళ్లు తలుపు తెరిచి పట్టుకుని గుమ్మంలో కబుర్లు చెప్పే అలవాటు మనకు ఉంది. హస్కీకి ఆ సందు చాలు. అతిథులొచ్చే రోజు దాన్ని లోపలి గదిలో పెట్టండి.

తిండి దగ్గర మనవాళ్లు చేసే పొరపాట్లు రెండు. పందెంలో ఉన్న కుక్క రోజుకు పది వేల కేలరీల దాకా తింటుంది. అది ఎక్కడో చదివి గిన్నె నింపేస్తారు. ఇంట్లో ఉండే హస్కీకి అందులో పదోవంతు చాలు. తిండి తక్కువతో బతికే గుణం దాని ఒంట్లోనే ఉంది, ఒక పూట ముట్టకపోయినా బెంగ పడకండి. రెండోది, మిగిలిన అన్నం, రొట్టెలు పెట్టడం. హస్కీ, మలమ్యూట్‌లలో కొన్నిటికి జింక్ సరిగ్గా ఒంటబట్టదు. గింజధాన్యాలు ఎక్కువైతే ఆ సమస్య ఇంకా పెరిగి, కళ్ల చుట్టూ, మూతి చుట్టూ పొక్కులు కట్టి బొచ్చు ఊడుతుంది. మాంసం ఎక్కువున్న డాగ్ ఫుడ్ పెట్టి, అలాంటి మచ్చలు కనిపిస్తే వెట్ డాక్టర్‌కు చూపించండి. ఉల్లిపాయ వేసిన సాంబారు, కిస్‌మిస్ ఉన్న పాయసం, చాక్లెట్ ఏ కుక్కకూ పెట్టకూడదు.

6. పని ఇవ్వండి

స్లెడ్ కొనక్కర్లేదు. వీపు మీద అడ్డంగా పట్టీలు వచ్చే లాగుడు హార్నెస్, మీ నడుముకు వెడల్పాటి బెల్ట్, మధ్యలో సాగే తాడు ఉంటే చాలు. దానితో మీరు పరుగెత్తితే కానిక్రాస్, స్కీ మీద వెళ్తే స్కీజోరింగ్. మెడ పట్టీకి తాడు కట్టి మాత్రం ఎప్పుడూ లాగించకండి. ఇందులో ఇంకో సుఖం కూడా ఉంది. హార్నెస్ వేస్తే లాగాలి, మెడ పట్టీ ఉంటే పక్కన నడవాలి అని కుక్క త్వరగానే తేడా పట్టేస్తుంది. ఎముకలు ముదరడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, అంతవరకు బరువు లాగించకూడదు.

రిటైరైన కుక్క అయితే దానికి మాటలు వచ్చే ఉంటాయి. హైక్ అంటే బయల్దేరు, గీ అంటే కుడి, హా అంటే ఎడమ, వో అంటే ఆగు, ఆన్ బై అంటే పట్టించుకోకుండా దాటిపో. కొత్తగా తెలుగులో నేర్పాలని సరదా పడకండి, దానికి వచ్చిన మాటలే మీరు నేర్చుకోండి. పాత ఎద్దు పక్కన కోడెను కట్టి కాడి అలవాటు చేసినట్టు, కుర్ర కుక్కను నేర్చిన కుక్క జతలో కట్టడమే స్లెడ్ వాళ్ల పద్ధతి. మీ దగ్గర ఒక్కటే ఉంటే, దగ్గర్లోని స్కీజోరింగ్ క్లబ్బులో ఎవరితోనైనా నాలుగు వారాలు కలిసి వెళ్లండి. రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి.

ఇప్పుడు ఎండ సంగతి. పది డిగ్రీల లోపు ఉంటేనే గట్టిగా పరుగెత్తించండి. పదిహేను దాటితే లాగుడు పని బంద్, మామూలు నడకే. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ హద్దు ఇంకా తగ్గించుకోవాలి, ఎందుకంటే కుక్క ఒళ్లు చల్లబడేది ఎక్కువగా రొప్పడం వల్లే, తేమ గాలిలో అది సరిగ్గా పనిచేయదు. ఆయాసం ఆగకపోవడం, చొంగ చిక్కబడటం, చిగుళ్లు ఎర్రగా అవడం, తూలడం కనిపిస్తే అది వడదెబ్బ. ఒళ్లంతా నీళ్లు పోస్తూ, ఫ్యాన్ గాలి తగిలిస్తూ చల్లబరిచి, ఆ వెంటనే డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి. ముందు నీళ్లు, తర్వాతే కారు. ఎండాకాలం వచ్చింది కదా అని గుండు గీయించకండి. ఆ బొచ్చు ఎండను కూడా ఆపుతుంది, గీయించాక సరిగ్గా మొలవకపోవచ్చు కూడా. ఏడాదికి రెండుసార్లు లోపలి బొచ్చు దూది పింజల్లా ఊడొస్తుంది. ఆ మూడు వారాలు రోజూ అండర్‌కోట్ రేక్‌తో దువ్వడం ఒక్కటే మార్గం.

7. తప్పించుకుంటే

ఎంత జాగ్రత్తపడ్డా ఒకసారి తప్పించుకుంటుందనే అనుకుని సిద్ధంగా ఉండండి. వెంటపడి పరుగెత్తకండి. మీరు వెంటపడితే అది మీతో పందెం అనుకుంటుంది, పందెం దానిదే. వెనక్కి తిరిగి, పేరు పిలుస్తూ, మీరే దానికి దూరంగా పరుగెత్తండి. లేదా కారు దగ్గరకు తెచ్చి తలుపు తెరిచి పెట్టండి, ట్రక్కుల్లో తిరిగిన కుక్కలు ఎక్కి కూర్చుంటాయి. హార్నెస్‌ను గలగలలాడించినా వచ్చేవి ఉన్నాయి. చిన్న జీపీఎస్ ట్రాకర్ మెడ పట్టీకి ఎప్పుడూ ఉండాలి, స్నానం చేయించినప్పుడు తీస్తే మళ్లీ పెట్టడం మరవకండి. మైక్రోచిప్ ఉందో లేదో తెచ్చుకున్న రోజే డాక్టర్ చేత స్కాన్ చేయించి, ఆ చిప్ రిజిస్ట్రేషన్‌లో పాత కెనెల్ వాళ్ల ఫోన్ నంబర్ ఉంటే మార్పించి మీది పెట్టించండి.